తునికాకు కల్లంలో పిల్లుల పాట

ముత్తక్కకు కోపం వస్తే ఎలుగుబంటి కూడా ఇప్పచెట్టు దిగి పక్కకు తప్పుకుంటుందని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఒక ఏడు ఆమె ఏరి పెట్టుకున్న ఇప్పపువ్వు గంపలో ఎలుగు మూతి పెట్టిందట. ముత్తక్క నడుం మీద చెయ్యి వేసుకుని దాన్నీ, దాని తల్లినీ, దాని తాతముత్తాతల్నీ వరసబెట్టి తిట్టింది. ఎలుగు తల వంచుకుని అంతా విన్నది. తిట్లు అయిపోయాక నోట్లో ఉన్న పువ్వు కూడా గంపలో ఉమ్మేసి మరీ వెళ్ళిపోయింది. అలాంటి ముత్తక్కకు ఆ ఎండాకాలం పొద్దున పిల్లి మీద కోపం వచ్చింది. పిల్లి ఇంట్లో లేదు. పిల్లి ఇంగ్లీషులో ఉంది.

చర్ల దాటి, పోలీసు క్యాంపు దాటి, జీపు ఇక నావల్ల కాదన్న చోట మొదలయ్యే ఊరు వాళ్ళది. బీడీలు చుట్టే తునికాకు కోతల రోజులు. చీకటి విడవకముందే అడవిలోకి వెళ్ళి, ఎండ నెత్తికెక్కకముందే ఆకు మూటతో తిరిగి రావాలి. ముత్తక్క అంబలి తాగి తలకు గుడ్డ చుట్టుకుంటోంది. ఆమె మొగుడు దూలయ్య సొరకాయ బుర్రలో నీళ్ళు నింపుతున్నాడు. అప్పుడే వాళ్ళ కూతురు వనజ గడపలో నిలబడి, చేతిలో జిరాక్సు కాయితం పట్టుకుని, గొంతు ఎత్తుతూ దించుతూ మొదలుపెట్టింది.

"హూ విల్ బెల్ ది క్యాట్? లెట్ ది క్యాట్ అవుట్ ఆఫ్ ది బ్యాగ్..."

క్యాట్ అంటే పిల్లి అని ముత్తక్కకు తెలుసు. వనజ ఒకటో తరగతిలో బొమ్మ చూపించి చెప్పిన మాట అది. అడవికి బయలుదేరేటప్పుడు ఆ ఇళ్ళల్లో ఎవరూ పిల్లి పేరు తియ్యరు. పిల్లి పులికి మేనత్త. చిన్నదాన్ని పిలిస్తే పెద్దది పలుకుతుంది.

"నోరు ముయ్యి," అంది ముత్తక్క. "ఇంగ్లీషుల అంటె పులికి తెల్వదనుకున్నవా? దానికి అన్ని భాషలొస్తయ్."

"సోమవారం ఖమ్మంల సెలెక్షన్ ఉన్నది అమ్మా. గుక్క తిప్పుకోకుండ చెప్పాలె."

"సోమవారం దాంక నన్నూ మీ నాయిన్నీ బతకనియ్యి. ముందుగాల నడువు."

వనజ కాయితం మడిచి రవికలో దోపుకుంది. భద్రాచలంలో హాస్టల్లో ఉండి డిగ్రీ పూర్తి చేసిన పిల్ల అది. ఆ తర్వాత ఖమ్మంలో ఇంగ్లీషు మాటలు నేర్పే ఒక సారు దగ్గర చేరింది. హైదరాబాదులో పెద్ద ఆఫీసు ఒకటుందట. అందులో కూర్చుని దేశం కాని దేశం వాళ్ళతో ఫోన్లో మాట్లాడితే నెల తిరిగేసరికి జీతం ఇస్తారట. ఆ ఆఫీసువాళ్ళు ఖమ్మం వచ్చి పిల్లల్ని ఏరుకుంటారు. ఒకరు అడుగుతారు, ఇటువాళ్ళు తడుముకోకుండా జవాబు చెప్పాలి. తెల్లవాళ్ళు కోపమొచ్చినా సంతోషమొచ్చినా తిన్నగా చెప్పరనీ, జంతువుల్ని అడ్డం పెట్టుకుని చెబుతారనీ సారు కనిపెట్టాడు. అందుకే జంతువుల వారీగా మాటలు నేర్పుతున్నాడు. కుక్కలు అయిపోయాయి. ఇప్పుడు పిల్లులు నడుస్తున్నాయి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆకు కట్టలు కట్టేటప్పుడు ముత్తక్కే ఉండబట్టలేక అడిగింది, అసలు పిల్లి గురించి వాళ్ళు ఏమంటారని. వాన గట్టిగా పడితే పిల్లులూ కుక్కలూ పడుతున్నాయంటారని వనజ చెప్పింది. మరి గొడుగు ఎందుకు, గంప పట్టుకుంటే చాలు కదా అంది ముత్తక్క. మనిషి నోరు మెదపకపోతే నీ నాలుక పిల్లి ఎత్తుకుపోయిందా అంటారని చెప్పింది. నాలుకలు ఎత్తుకుపోయే పిల్లిని ముత్తక్క తన పుట్టుకలో చూడలేదు. ఇక పిల్లి తోలు తియ్యడానికి దారి ఒక్కటే కాదు, ఇంకా ఉన్నాయి అంటారని చెప్పేసరికి ఆమె చేతిలో కట్ట విడిపోయింది.

"తోలు తీసేటందుకా? పిల్లి తోలుతోని ఏం జేసుకుంటరే వాళ్ళు, చెప్పులు కుట్టుకుంటరా?"

"అది మాట వరసకమ్మా. ఒక పని ఎన్ని తీర్ల చెయ్యొచ్చో చెప్పెటందుకు."

"మాట వరసకైనా తోలు తీస్తరా ఎవరన్న? విత్తనాల మీద ఎలుకలు పడకుండ కాసేది పిల్లి. దాని ఉసురు పోసుకునెటోళ్ళ దగ్గర నీకు నౌకరి." ముత్తక్క నారను పళ్ళతో కొరికి తెంపింది. "నా ఇంట్ల ఈ మాటలు వద్దు. పొద్దుగాల వద్దు, పగటీలి వద్దు, పండుకునేటప్పుడు వద్దు. చెయ్యి ఆగుతున్నది, కట్టలు తెమలుత లేవు."

వనజ లేచింది. తన వంతు ఆకు మూట కట్టుకుని, కాయితం తీసుకుని కల్లానికి వెళ్ళిపోయింది. ఊరి చివర చదును చేసిన మైదానం అది. అమ్మిన ఆకు కట్టల్ని అక్కడ వరసలుగా పరిచి ఎండబెడతారు. ఆ వరసల మధ్య నడుస్తూ కట్టలు తిరగేసే పని పవన్‌ది. పవన్ దూలయ్య అక్క అయిన చిన్నక్క కొడుకు, అంటే వనజకు సొంత మేనబావ. ఇంటర్ దాకా చదివాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలడు. కాయితంలో ప్రశ్నలున్న సగం చింపి అతనికిచ్చింది వనజ. అతను ఆ చివర కట్టలు తిప్పుతూ అడుగుతాడు. ఈమె ఈ చివర కట్టలు కడుతూ చెబుతుంది. మధ్యలో మైదానమంతా ఉంది కాబట్టి ఇద్దరూ గొంతు ఎత్తాల్సిందే. పైగా ఇంగ్లీషు మాట గోదారి అలలాగా లేవాలి, పడాలి అని సారు చెప్పి పంపాడు. లేచింది, పడింది. గాలి ఊరివైపే వీచింది.

ఇక్కడే వచ్చింది తంటా.

ఆ ఊళ్ళల్లో పండుగ వస్తే ఆటల దగ్గర మగపిల్లలు ఒక వైపు, ఆడపిల్లలు ఒక వైపు నిలబడతారు. ఇటునుంచి ఒకడు పదం ఎత్తుతాడు. అటునుంచి ఒకతె అందుకుంటుంది. ఎవరి పదాన్ని ఎవరు అందుకున్నారో ముసలివాళ్ళు గోడవార కూర్చుని గమనిస్తూ ఉంటారు. పండుగ దాటిపోయాక కూడా అదే జత ఎత్తుకోవడం, అందుకోవడం చేస్తుంటే ఇక పిల్లని ఎవరూ ఏమీ అడగరు. పిల్ల తరఫున పాటే చెప్పేసింది అంటారు. అప్పుడు పిల్లవాడి తల్లి ఇప్పసారా కుండ నెత్తిన పెట్టుకుని వస్తుంది. పిల్ల తండ్రి ఆకు దొప్పతో తాగితే మాట ఖాయం.

కల్లం పక్కింట్లో జంపక్క ఉంటుంది. ఆమెకు కళ్ళు మసక. ఆ లోటు చెవులు తీర్చాయి. చీమ తుమ్మితే మగచీమో ఆడచీమో చెప్పగలదు. ఆమె నోట పడ్డ మాట పొద్దుగూకేలోపల గోదారి దాటి పినపాక చేరుతుంది, దానికి పడవ కూడా అక్కర్లేదు. అలాంటి జంపక్క ఒక సాయంత్రం విన్నది, మర్నాడు సాయంత్రం విన్నది, ఆపైన ఇక దాచుకోలేకపోయింది. పవన్ ఎత్తుతున్నాడు, వనజ అందుకుంటున్నది, రాగం కొత్తగా ఉన్నది గానీ జత మాత్రం బాగా కుదిరిందని ఊరంతా చాటింది.

ఆ మాట చేరని చెవి ఊళ్ళో ఒక్కటే. అది ముత్తక్కది. ఆమె ముందు ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికుంది?

వారం తిరగకుండానే ఒక సాయంత్రం ముత్తక్క వాగు నుంచి నీళ్ళ బిందెతో వచ్చేసరికి ఇంటి ముందు చాప పరిచి ఉంది. చాప మీద చిన్నక్క కొత్త చీర కట్టుకుని కూర్చుంది. పక్కన కుండ. ఎదురుగా దూలయ్య మీసం తుడుచుకుంటున్నాడు. అతని చేతిలో దొప్ప ఖాళీగా ఉంది.

ముత్తక్క బిందె దించలేదు. నెత్తి మీద బిందెతోనే నిలబడి కుండనూ, దొప్పనూ, మొగుడి ముఖాన్నీ చూసింది. బిందెలో నీళ్ళు కాగడం మొదలుపెట్టాయంటే ఎవరూ నమ్మరు గానీ, ఆవిరి లేచిన మాట నిజం.

"ఎవర్ని అడిగి తాగినవ్?" అంది.

"మా అక్క తెచ్చింది," అన్నాడు దూలయ్య. "అక్క తెస్తె వద్దంటనా?"

"ఎందుకు తెచ్చిందో తెల్సా?"

"తెల్సు."

 తెలియక తాగాడనుకుంటే ముత్తక్క తిట్టి ఊరుకునేది. తెలిసే తాగాడు. ఆమె బిందె దించి ఆడబిడ్డ వైపు తిరిగింది. "వదినె, నా బిడ్డను అడగకుండ కుండ ఎట్ల తెస్తివి?"

"పిల్లే చెప్పిందాయె, ఇంకెవర్ని అడగాలె?" చిన్నక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఊరంత విన్నది. నీ చెవులల్ల ఏం పెట్టుకున్నవ్ మరదలా? మావాడు పదం ఎత్తిండు, నీ బిడ్డ అందుకున్నది. కల్లంల రోజూ అదే వరస."

"అది పాట కాదు వదినె. సదువు."

"భాష వేరైతె పాట కాకుండ పోతదా? మన ముసలోళ్ళు గుట్ట మీది పిల్లలతోని వాళ్ళ భాషల పాడలేదా? వాళ్ళను తెచ్చుకోలేదా? మా అవ్వ గట్ల వచ్చిందే."

ఆ మాట అబద్ధం కాదు. అందుకే ముత్తక్కకు ఇంకా మండింది. ఆమె మొగుడి దగ్గరికి నడిచి, అతని చేతిలోని దొప్ప లాక్కుని నలిపి పారేసింది. హాస్టల్లో నీళ్ళపప్పు తాగి, జ్వరమొస్తే దవాఖానాకు ఒక్కతే నడిచిపోయి చదువుకున్న పిల్లను ఒక్క దొప్ప సారాకు ఇచ్చేశావా అని అడిగింది. పిల్ల గొంతు గుర్తుకు రాకుండా ఎట్లా గొంతులో పోసుకున్నావని అడిగింది. దూలయ్య అన్నీ విన్నాడు. అతనూ ఆ ఎలుగుబంటిలాగే వినడం నేర్చుకున్నవాడు. చివరికి తల వంచుకునే ఒక మాట అన్నాడు.

"పట్నం పోతె మల్ల వస్తదా ముత్తీ? మా అక్క ఇంట్లయితె కండ్ల ముందట ఉంటది."

 ఆ మాట తన కడుపులోంచే ఎవరో లాగి అతని నోట్లో పెట్టినట్టు అనిపించింది ముత్తక్కకు. దాంతో కోపం రెండింతలైంది.

అప్పుడే వనజ కల్లం నుంచి వచ్చింది. కుండను చూసి ఆగిపోయింది. ఆ ఊరి పిల్లే కదా, కుండ ఎందుకొస్తుందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చేతిలోని కాయితం మెల్లగా మడిచింది. ముత్తక్క తిట్లు మొగుణ్ణి వదిలి కూతురి మీద పడ్డాయి. ఊరందరూ వినేలా మగపిల్లవాడితో అరుచుకోవడానికి సిగ్గులేదా, ఊరి పద్ధతి తెలియదా, పిల్లిని చంకలో పెట్టుకుని పెళ్ళికి పోయినట్టు ఆ కాయితం పట్టుకుని కల్లానికే ఎందుకు పోవాల్సి వచ్చిందని అడిగింది.

"ఇంట్ల నోరు తెర్వనిచ్చినవా?" అంది వనజ. గొంతు పెద్దది చెయ్యలేదు. "పొద్దుగాల వద్దంటివి, పగటీలి వద్దంటివి. అడిగెటోళ్ళు లేకుంటె జవాబు ఎట్ల నేర్చుకోవాలె? బావ ఒక్కడే అడిగిండు. అడిగినందుకు ఆయనకూ శిక్షే, చెప్పినందుకు నాకూ శిక్షే."

ఆ తర్వాత ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఏడుపు బయటికి వినపడలేదు. వినపడితే బాగుండునని ముత్తక్కకు అనిపించింది.

కుండ ఇంట్లో ఉంటే సోమవారం లేదు, ఖమ్మం లేదు. మాట ఖాయమైన పిల్ల పెళ్ళి దాకా పొలిమేర దాటకూడదు. కుండను పగలగొడితే ఆడబిడ్డ గడప జన్మలో తొక్కకూడదు. ముత్తక్క ఆ రెండూ చెయ్యలేదు. తిన్నగా ఊరిపెద్ద రామన్న దగ్గరికి వెళ్ళి, రేపు ఆకు కట్టలు దింపగానే పందిట్లో నలుగురినీ కూర్చోబెట్టమని అడిగింది. అడిగిన తీరు చూసి రామన్న నోట్లో పొగాకు నమలడం మరిచిపోయాడు.

మర్నాడు రామన్న పందిరి కింద ఊరు ఊరంతా చేరింది. చిన్నక్క ఒక పక్క, ముత్తక్క ఒక పక్క, మధ్యలో కుండ. జంపక్క సాక్ష్యం చెప్పింది. తాను విన్నది పాటేననీ, అది కాకపోతే తన చెవులు కోసి కుక్కలకు వెయ్యమనీ అంది. రామన్న కాసేపు ఆలోచించి, అయితే పాడిందేదో ఇక్కడ పాడమన్నాడు.

వనజా పవనూ లేచి నిలబడ్డారు. పవన్ చేతిలో సగం కాయితం ఉంది. అతను అడిగాడు, ఆమె చెప్పింది. అలాగే లేచింది, అలాగే పడింది. నిజంగానే పాటలా ఉంది. అర్థం చెప్పమన్నాడు రామన్న. ఇది పాట కాదు, సోమవారం కోసం చదువు అని వనజ ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. పిల్లి ఊళ్ళో లేకపోతే ఎలుకలు ఆడుకుంటాయి. పిల్లికి ప్రాణాలు తొమ్మిది. వేడి ఇటుకల మీద పిల్లి. దీన్ని మనం కాలు కాలిన పిల్లి అంటాం కదా అని ఎవరో అందించారు. సంచిలోంచి పిల్లిని వదిలెయ్యడమంటే గుట్టు బయటపెట్టడం. తోలు తియ్యడం దగ్గరికి వచ్చేసరికి పందిరి కింద నవ్వు మొదలైంది. ఆ నవ్వుకు పందిరి మీది తాటాకులు జానెడు లేచి మళ్ళీ సర్దుకున్నాయి. ఇష్టపడ్డ పిల్లకు పిల్లి తోలు తీస్తానని పాడే మొనగాణ్ణి నా పుట్టుకలో చూడలేదని ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ముత్తక్క గెలిచినట్టే తల ఎత్తింది.

చిన్నక్క మాత్రం నవ్వలేదు.

"నవ్వున్రి," అంది. "మన పాటలల్ల ఏముంటది? ముళ్ళ కంప ఉంటది, జింక ఉంటది, తేనెతుట్టె ఉంటది. నువ్వంటె నాకు ఇష్టమని మాటల చెప్పి పాడినోళ్ళు ఉన్నరా ఎవరన్న? మాట ఏదైతె ఏంది. ఎత్తినోడు ఎత్తిండు, అందుకున్నది అందుకున్నది. గంతే కద మన పద్ధతి?"

నవ్వు ఆగిపోయింది. రామన్న గడ్డం నిమురుకుని, ఆమె చెప్పింది నిజమేనన్నాడు. మాట లెక్క కాదు, అందుకోవడమే లెక్క. తాతల నుంచీ అంతే.

ముత్తక్క లేచింది. ఈసారి ఆమె అరవలేదు. అరిస్తేనే బాగుండేదని తర్వాత అందరూ అనుకున్నారు.

"అయితె నా బిడ్డ నోరు తెరుస్తె చాలునన్నట్టు," అంది. "మొగపిల్లలు చర్ల సంతల ఎంతమందితోని మాట్లాడినా వాళ్ళకు కుండ రాదు. ఆడపిల్ల నాలుగు ముక్కలు బయటికి చదివితె కుండ ఇంట్ల ఉంటది. పాట పిల్ల తరఫున మాట్లాడుతదని పెట్టిన్రు తాతలు. పిల్ల నోరు ముయ్యనీకి పెట్టలేదు. ఇగో, నా బిడ్డ ఎదురుగ నిలబడి ఉన్నది, కాదంటున్నది. దాని నోటి మాట కన్నా జంపక్క చెవి పెద్దదా మీకు?"

 రామన్న కుండ వైపు చూశాడు, పద్ధతి వైపు చూశాడు, దేన్ని వదలాలో తెలియక కూర్చున్నాడు. అప్పుడు పవన్ గొంతు సవరించుకున్నాడు.

"తాతా, పాటల పదం ఎవరిదై ఉండాలె?"

"ఎత్తెటోనిది వానిదే. అందుకునేదాని పదం దానిదే. అప్పటికప్పుడు కట్టాలె. ఒకరి పదం ఇంకొకరు పాడితె అది లెక్కల రాదు."

"ఈ పిల్లుల మాటలు నావి కావు. వనజవీ కావు. కాయితంలవి." పవన్ చేతిలోని కాయితాన్ని కుండ పక్కన పెట్టాడు. "నా సొంతంది నేను ఒక్కటే అడిగిన."

చిన్నక్క కొడుకు వైపు చూసింది. వనజ తల దించుకుంది.

"ఏమడిగినవ్ రా?" అన్నాడు రామన్న.

"దగ్గరికి పోయి మెల్లగ అడిగిన, పట్నం పోయినంక మల్ల ఈ కల్లానికి వస్తవా అని."

"ఏం చెప్పింది?"

"కాయితంల లేంది అడగకు బావా అన్నది." అతను కుండ పక్కనున్న కాయితాన్ని చూపించాడు. "ఇగ నేను మల్ల పిల్లులనే అడిగిన."

 వరసలో కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కుండ తెచ్చింది తల్లి, తెప్పించింది ఊరు. పిల్లవాడి మనసు ఎక్కడుందో, పిల్ల జవాబు ఏమిటో పవన్‌కూ వనజకూ ముందే తెలుసు. ఊరు అంతా వింటున్నాననుకుంది. వినాల్సిన ఒక్క మాటా వినలేదు. జంపక్క తన చెవుల మీదికి కొంగు లాక్కుంది.

రామన్న ఇక తీర్పు మొదలుపెట్టాడు. ఎత్తిన పదాన్ని పిల్ల అందుకోలేదనీ, పదం కింద పడిపోయిందనీ, ఇక్కడ పాట లేదనీ చెప్పాడు. తాగిన దొప్పకు బదులుగా దూలయ్య కుండ మళ్ళీ నిండుగా నింపి, తన నెత్తి మీదే పెట్టుకుని, ఊరి మధ్యలోంచి నడిచి అక్క ఇంట్లో దించాలన్నాడు. దూలయ్య లేచి నిలబడి చేతులు జోడించాడు. అతని ముఖంలో సిగ్గు ఉంది. కాస్త తేలికపడ్డట్టు కూడా ఉంది.

జనం చెదిరిపోయారు. పవన్ కట్టలు తిరగెయ్యాలని చెప్పి ఎవరి ముఖమూ చూడకుండా కల్లం వైపు వెళ్ళిపోయాడు. చిన్నక్క మాత్రం అక్కడే కూర్చుంది, కొత్త చీర దుమ్ములో పరుచుకుని. ముత్తక్క దగ్గర ఇంకా చాలా తిట్లు మిగిలే ఉన్నాయి. రాత్రంతా కూర్చుకున్నవి, ఒక్కటీ ఖర్చు కాలేదు. వాటిని పట్టుకుని ఆమె ఆడబిడ్డ ముందుకు వెళ్ళి నిలబడింది. నిలబడ్డాక ఒక్కటీ నోటికి రాలేదు. వెళ్ళి పక్కన చతికిలబడింది.

"వదినె," అంది, "నీ కొడుకు మనందరి కన్నా పెద్దోడు."

చిన్నక్క ముక్కు చీదింది. "పెద్దోడని నాకు ఎరుకే. అందుకే నీ బిడ్డను అడిగిన. అసొంటోని పక్కన ఇంకెవర్ని నిలబెట్టాల్నే?"

ముత్తక్కకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన కూతుర్ని లాక్కుపోవడానికి వచ్చిన మనిషి అనుకుంది నిన్నటినుంచీ. ఊళ్ళో తన కూతురికి మించిన పిల్ల లేదని నమ్మిన మనిషి ఇంకొకతె ఉందని ఇప్పుడు తెలిసింది. ఆమె తన కొంగుతో ఆడబిడ్డ ముఖం తుడిచింది. చిన్నక్క తుడిపించుకుంటూనే, నీ కొంగు తునికాకు కంపు కొడుతున్నదని విసుక్కుంది. నీది కొట్టట్లేదా అంది ముత్తక్క. ఇద్దరూ కాసేపు అలాగే భుజాలు ఆనించుకుని కూర్చున్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు దూలయ్య వెలితి కుండ నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. వెనక తల్లీ కూతుళ్ళు. పొద్దు గుట్టల మీదికి వాలింది. ముత్తక్క మాట్లాడకుండా నడుస్తోంది. ఆమె మాట్లాడకుండా అంత దూరం నడవడం దారికే కొత్త. ఆమె లోపల ఒకటి తొలుస్తోంది. పట్నం పోతే మళ్ళీ వస్తుందా అని దూలయ్య అడిగాడు. అదే మాట పవనూ అడిగాడు. మగవాళ్ళిద్దరూ బయటికి అడిగిన దాన్ని తానొక్కతే పులి మీద పెట్టి, పిల్లి మీద పెట్టి, కట్టలు తెమలడం లేదన్న సాకు మీద పెట్టి దాచుకుంది. పిల్ల ఆ మాటలు నేర్చుకోకపోతే ఎక్కడికీ పోదు కదా. ఇంట్లో నోరు మూయించింది తానే. ఊరు మూయించబోతే మాత్రం ఊరి మీదికి లేచింది.

"బిడ్డా, ఒకటి అడుగుత," అంది.

"అడుగు."

"పిల్లి పేరు తియ్యొద్దన్నది పులి భయంతోనే అనుకున్నవా?"

 "లేదమ్మా. ఎరుకే."

"ఎరుకయ్యి కూడ ఎందుకు ఊకున్నవే? నాకు ఎదురు చెప్పొద్దా?"

"నాకూ భయమే అమ్మా. ఖమ్మం పోవాల్నంటె భయం, వాళ్ళు ఎన్నుకుంటె భయం, ఎన్నుకోకుంటె భయం. నువ్వు అరుస్తుంటె నా భయం నాకు వినపడకపోయేది."

ముత్తక్క దారిలో ఆగిపోయింది.  కూతురి చెయ్యి పట్టుకుంది. ఆకు కట్టీ కట్టీ ఆ చెయ్యి తన చెయ్యంత గరుకుగా ఉంది.  ముందు దూలయ్య వెనక్కి తిరిగి, వీళ్ళు ఆగిపోయారేమిటని కుండతో సహా చూస్తున్నాడు.

"అయితె నువ్వు సదువుకో," అంది ముత్తక్క కళ్ళు తుడుచుకుంటూ. "సోమవారం నువ్వు బస్సెక్కెదాంక నేను అరుస్తనే ఉంట."